ఉట్నూరు పిల్లవాడి మాటలు

పిల్లలూ! మీలో ఎంతమంది ఉట్నూరు చూశారో నాకు తెలియదు. చూడనివాళ్ళు నాతో రండి.

ఆదిలాబాదులో బస్సు ఎక్కితే మొదట హైదరాబాదు పోయే పెద్దరోడ్డు మీద గుడిహత్నూరు దాకా పోవాలి. అక్కడ బస్సు పెద్దరోడ్డును విడిచి తూర్పుకు తిరుగుతుంది. నల్లరేగడి చేలు వస్తాయి. పత్తి, కంది, జొన్న. తరువాత ఇంద్రవెల్లి. పుష్యమాసపు అమావాస్య రోజులలో ఈ బస్సులో కాలు మోపటానికి చోటు దొరకదు. ఇంద్రవెల్లికి దగ్గరలోనే కేస్లాపూరు ఉన్నది, అక్కడ నాగోబా జాతర. మెస్రం వంశంవారు కాలినడకన పోయి గోదావరి నీళ్ళు తెచ్చి నాగోబాకు అభిషేకం చేస్తారు. ఇంద్రవెల్లి దాటినాక టేకుచెట్లు దగ్గరపడతాయి, గుట్టలు కనిపిస్తాయి. ఆదిలాబాదు నుంచి సుమారు 50 కిలోమీటర్లు వచ్చేసరికి ఉట్నూరు.

ఊళ్ళో గోండు రాజుల నాటి కోట ఉన్నది. గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం ఉన్నది. కాని మీరు చూడవలసినది, చూడటం కాదు, వినవలసినది, సంత. కళ్ళు మూసుకుని సంత మధ్యలో నిలబడండి. మిరపకాయలు అమ్మే అవ్వ గోండిలో బేరమాడుతున్నది. ఆమె పక్కనున్న మనిషి కొలామీలో కేకవేస్తున్నాడు. లంబాడీ ఆడవాళ్ళు తమ భాషలో నవ్వుకుంటున్నారు. గాజుల దుకాణం సాయిబు ఉర్దూ. బట్టల మూట విప్పినవాడు మహారాష్ట్ర వైపునుంచి వచ్చాడు, అతనిది మరాఠీ. వీళ్ళందరి మధ్య తెలుగు. దాహమేసినవాడు గోండిలో "ఏర్" అంటాడు, అంటే నీళ్ళు. మనం తెలుగులో పారే వాగును ఏరు అంటాం గదా! రెండూ ఒక ఇంటి మాటలే. దాహానికి మరాఠీవాడు "పాణీ" అంటాడు, ఉర్దూ తెలిసినవాడు "పానీ" అంటాడు.

ఇక్కడ పదేళ్ళ పిల్లవాడికి మూడు నాలుగు భాషలు రావటం వింతకాదు. ఇంట్లో ఒకటి, బళ్ళో ఒకటి, సంతలో అన్నీ. పట్నంనుంచి బదిలీ అయి వచ్చిన మాబోటి పంతుళ్ళమే ఒక భాష పట్టుకుని దిక్కులు చూసేవాళ్ళం.

మరి ఆ పిల్లవాడి తలలో ఇన్ని భాషలూ ఎక్కడ ఉంటాయి? ఒకేచోట కలిసి ఉంటాయా, వేరువేరు గదులలో ఉంటాయా? ఈ ప్రశ్న నాకు ఊరికే తోచలేదు. నా బడిలో చదివిన ఒక గోండు పిల్లవాడి మూలాన వచ్చింది. ఆ సంగతే మీకు చెప్పబోతున్నాను.

2012లో, వానాకాలం. ఆ పిల్లవాడు ఏడవ తరగతి. లేచి నిలబడి తెలుగు పాఠం చదువుతున్నాడు. చదువుతూ చదువుతూ మాట మధ్యలో ఆగిపోయాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని చూపు ఎవరిమీదా లేదు. పెదవులు చప్పరిస్తున్నాడు. కుడిచేయి కొయ్యబారి మెలితిరిగింది. ఎడమచేత్తో చొక్కా గుండీలు తడుముతున్నాడు. ఒక నిమిషం గడిచింది. తరువాత బెంచీ మీద కూలబడి మమ్మల్ని మార్చి మార్చి చూడసాగాడు. "ఏమైందిరా?" అంటే పెదవులు కదుపుతాడు, మాట రాదు. కొన్ని నిమిషాలకు ఒక మాట వచ్చింది, గోండిలో. తెలుగు మాటలు ఇంకాసేపటికి వచ్చాయి.

"పరధ్యానం" అనుకున్నాను నేను. నెల తిరగకముందే ఆటస్థలంలో పడిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడు. అప్పుడు నేను చేసిన పని చెప్పటానికి సిగ్గుగా ఉన్నది. పరుగెత్తుకుని పోయి నా బీరువా తాళాల గుత్తి తెచ్చి వాడి చేతిలో పెట్టాను. చిన్నప్పటినుంచీ మా ఊళ్ళో అందరూ చేస్తుంటే చూసినదే. నేను సైన్సు పంతుల్ని కూడాను!

తాళాలకు మూర్ఛ తగ్గదు. ఉల్లిపాయకూ తగ్గదు. అది తనంతట తానే ఒకటి రెండు నిమిషాలలో ఆగుతుంది. ఆగిన సమయానికి చేతిలో తాళాలుంటే తాళాలకు పేరు వస్తుంది, అంతే. ఊళ్ళో ఒక వైద్యుడు నన్ను కూర్చోబెట్టి ఈ ముక్క చెప్పాడు. మీ పక్కన ఎవరికైనా మూర్ఛ వస్తే చుట్టుపక్కల రాళ్ళూ రప్పలూ తీసివేయండి, తలకింద మెత్తనిది ఏదైనా పెట్టండి, మనిషిని పక్కకు ఒత్తిగిలేటట్టు తిప్పండి. నోట్లో ఏమీ పెట్టకండి, నీళ్ళు కూడా పోయకండి. గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే ఆసుపత్రికి పరుగెత్తవలసిందే. ఇది అంటురోగం కాదు, దయ్యమూ కాదు.

మెదడులో కోట్లకొద్దీ కణాలు చిన్న చిన్న విద్యుత్తు సంకేతాలతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. సంతలో మాదిరిగా, ఎవరి మాట వారిది. ఒక మూల కణాలన్నీ ఒక్కసారిగా ఒకే కేక వేయటం మొదలుపెడితే అదే మూర్ఛ. కేక ఆ మూలనే ఆగితే మనిషి తెల్లబోయి చూస్తాడు. మెదడంతా పాకితే పడిపోతాడు. జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు 1924లో మొదటిసారిగా మనిషి తలమీద తీగలు అంటించి ఈ విద్యుత్తును గీతలుగా గీయించాడు. ఆ పరీక్షనే ఈ.ఈ.జి. అంటాం.

ప్రపంచంలో సుమారు 5 కోట్లమందికి మూర్ఛవ్యాధి ఉన్నది. సరిగా మందులు వాడితే నూటికి 70 మందికి దాకా అది అదుపులో ఉంటుంది. మా పిల్లవాడు మిగిలిన ముప్ఫైలో పడ్డాడు. ఒక మందు వాడారు, తరువాత రెండవది కలిపారు. నాలుగేళ్ళు గడిచినా వారానికి రెండుసార్లు అదే తెల్లచూపు. ఒకసారి పొయ్యి దగ్గర వచ్చింది, మోచేయి కాలింది. తండ్రి వాణ్ణి బావి దగ్గరకు పోనివ్వటం మానేశాడు, చెట్టెక్కనివ్వటం మానేశాడు. ఆఖరుకు దండారి పండుగలో తోటివాళ్ళతో ఊరూరా తిరగనివ్వటం కూడా మానేశాడు. గోండు పిల్లవాడికి అదెంత కష్టమో దీపావళి రోజులలో ఆ గూడేలు చూసినవాళ్ళకు తెలుస్తుంది.

2017లో వాణ్ణి హైదరాబాదుకు తీసుకుపోయారు. వాడికప్పుడు పదిహేడేళ్ళు. తండ్రికి పట్నం కొత్త, "సారూ, నువ్వు గూడ రావాలె" అన్నాడు. నేను సెలవు పెట్టి వెంట వెళ్ళాను.

పెద్ద ఆసుపత్రిలో వాణ్ణి కొన్ని రోజులు ఒక గదిలో ఉంచారు. తలనిండా తీగలు, ఎదురుగా రాత్రింబగళ్ళు చూసే కెమెరా. మూర్ఛ రావాలని మేము కోరుకున్నది జీవితంలో ఆ నాలుగు రోజులే! వచ్చింది. గీతలు చూసిన వైద్యులు, కేక మొదలయ్యే మూల ఎడమ కణతకు లోపల ఉన్నదని కనిపెట్టారు. ఎమ్.ఆర్.ఐ. అనే యంత్రం తీసిన బొమ్మలో అక్కడే ఒక పాత మచ్చ కనిపించింది. ఆ భాగం పేరు హిప్పోకాంపస్. ఆకారం సముద్రపు గుర్రం అనే చేపలాగా ఉంటుందని పూర్వపు వైద్యులు ఆ గ్రీకు పేరు పెట్టారు. మా వాడికి రెండేళ్ళ వయసులో జ్వరంతో చాలాసేపు మూర్ఛ వచ్చిందట. మచ్చ అప్పటిది కావచ్చు.

"మందులు పనిచేయటం లేదు. మచ్చ ఒకచోటే ఉన్నది. దాన్ని కోసి తీసివేయవచ్చు" అన్నది వైద్యురాలు.

తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నావైపు తిరిగి, "సారూ, మాట పోతదా పోరనికి?" అన్నాడు.

ఆమె ఆ ప్రశ్నకు విసుక్కోలేదు. "మేము కూడా ముందుగా తెలుసుకోవలసింది అదే" అన్నది.

ఎందుకంటారా? 1861లో పారిస్ నగరంలో పాల్ బ్రోకా అనే వైద్యుడు ఒక రోగిని చూశాడు. అతను ఎవరేమి అడిగినా "టాన్" అనే ఒక్క మాటే అనేవాడు. చనిపోయిన తరువాత చూస్తే మెదడులో ఎడమవైపు ముందుభాగం చెడిపోయి ఉన్నది. మాట పలికించే చోటు అటువైపు ఉన్నదని దానితో తెలిసింది. 1874లో కార్ల్ వెర్నికె అనే జర్మను వైద్యుడు ఇంకొక చోటు చూపించాడు, ఎడమ చెవికి పైన కొంచెం వెనకగా. అది చెడితే విన్న మాటకు అర్థం తెలియదు. కుడిచేత్తో రాసేవాళ్ళలో చాలామందికి మాట ఎడమవైపే ఉంటుంది. కాని అందరికీ కాదు. చిన్నప్పుడే ఎడమవైపు దెబ్బతిన్న పిల్లలలో కొందరికి మాట కుడివైపుకు వలసపోతుంది. మా వాడి మచ్చ ఎడమవైపు, అదీ చిన్ననాటిది. వాడి మాటలు వలసపోయాయా, ఉన్నచోటే ఉన్నాయా? పైకి చూసి ఎవరు చెప్పగలరు?

పూర్వం దీన్ని రెండు విధాలుగా తెలుసుకునేవాళ్ళు. రెండూ కష్టమైనవే.

కెనడా దేశంలో మాంట్రియల్ నగరంలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే గొప్ప శస్త్రవైద్యుడు ఉండేవాడు. ఆయన రోగి మెలకువగా ఉండగానే మెదడుకు శస్త్రచికిత్స చేసేవాడు. భయపడకండి! తల చర్మానికి మత్తు ఇస్తారు. మెదడుకు తనంతట తనకు నొప్పి తెలియదు. మన నొప్పులన్నీ తెలుసుకునేది అదే, తన నొప్పి మాత్రం తెలియదు. పెన్‌ఫీల్డ్ సన్నని తీగతో ఒక్కొక్కచోట కొద్దిపాటి విద్యుత్తు తాకించేవాడు, అదే సమయంలో రోగికి బొమ్మలు చూపించేవారు. ఒకచోట తాకగానే రోగి, "ఇది... ఇది..." అని ఆగిపోయేవాడు. తీగ తీస్తే పేరు చెప్పేవాడు. ఆ చోట ఒక అంకె వేసిన చిన్న కాగితం ముక్క పెట్టేవారు. అక్కడ కత్తి పెట్టకూడదన్నమాట. ఈ విద్య మనదేశానికి రావటానికి చాలాకాలం పట్టలేదు. మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ దగ్గర నేర్చుకున్న జేకబ్ చాందీ 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మెదడు శస్త్రచికిత్సల విభాగం ప్రారంభించాడు. 1952లో అక్కడే మూర్ఛకు శస్త్రచికిత్స జరిగింది. వేలూరు మన చిత్తూరుకు పొరుగునే గదా, తెలుగు పల్లెలనుంచి రోగులు ఆ ఊరికి పోవటం అనాదిగా అలవాటు.

రెండవ విధానం జపాను వైద్యుడు జున్ వాడా కనిపెట్టినది. మెడలోని రక్తనాళం గుండా మెదడులో ఒక సగానికి మాత్రం మత్తుమందు పంపుతారు. కొద్ది నిమిషాలు ఆ సగం నిద్రపోతుంది. అప్పుడు రోగి మాట్లాడగలిగితే మాట రెండవ సగంలో ఉన్నట్టు లెక్క. తెలివైన ఉపాయమే. కాని రక్తనాళంలోకి గొట్టం పంపటమంటే ఎంతో కొంత ప్రమాదం ఉండనే ఉంటుంది.

మా వాడికి మూడవ విధానం ఉన్నది. కత్తి లేదు, సూది లేదు. దాని పేరు ఫంక్షనల్ ఎమ్.ఆర్.ఐ. మెదడు ఆకారాన్ని కాక, మెదడు పనిచేస్తూ ఉండగా చూడటం. ఇదెట్లా సాధ్యమో కొంచెం ఓపికపట్టి వినండి.

1880 ప్రాంతంలో ఇటలీలో ఆంజెలో మోసో అనే శాస్త్రజ్ఞుడు ఒక విచిత్రమైన త్రాసు చేయించాడు. అది మనిషి పడుకునే బల్ల. మధ్యలో ఆధారం, మన ఉయ్యాల పలకలాగా. మనిషిని పడుకోబెట్టి తలవైపూ కాళ్ళవైపూ సమంగా తూగేటట్టు సరిచేసేవాడు. తరువాత అతనికి లెక్క ఇచ్చేవాడు. లెక్క ఆలోచిస్తూ ఉంటే తలవైపుకు నెత్తురు ఎక్కువగా వచ్చి బల్ల అటు వాలుతుందని ఆయన నమ్మకం. త్రాసు సంగతి ఎట్లా ఉన్నా ఆయన ఊహ మాత్రం దారి చూపింది. మెదడులో పనిచేసే భాగానికి నెత్తురు ఎక్కువగా పోతుంది.

మీరు కడెం ప్రాజెక్టు కాలువ చూశారా? ఒక మడిలో నాటు వేస్తున్నారంటే అటువైపు తూము ఎత్తుతారు. మడి తాగగలిగిన దానికన్నా ఎక్కువ నీళ్ళే వస్తాయి, గట్టు మీదుగా పొర్లుతాయి. మెదడూ అంతే. దాని బరువు మన శరీరం బరువులో నూటికి 2 వంతులే గాని, మనకు కావలసిన ప్రాణవాయువులో నూటికి 20 వంతులు అదే వాడుకుంటుంది. ఏ మూల పని పెరిగితే ఆ మూలకు కొత్త నెత్తురు, అవసరానికి మించి పొర్లి వస్తుంది.

ఇప్పుడు అసలు చమత్కారం. నెత్తురు ఎర్రగా ఉండటానికి కారణం హిమోగ్లోబిన్, అందులో ఇనుము ఉంటుంది. ప్రాణవాయువు మోస్తున్న హిమోగ్లోబిన్‌ను అయస్కాంతం ఆకర్షించదు. ప్రాణవాయువు దించేసిన హిమోగ్లోబిన్ మాత్రం అయస్కాంతానికి కొద్దిగా లోబడుతుంది. ఈ సంగతి అమెరికాలో లైనస్ పాలింగ్, ఛార్లెస్ కోరియెల్ అనేవారు 1936లోనే చెప్పారు. 1990లో సెయ్‌జీ ఒగావా అనే జపాను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేస్తూ, ఈ తేడాను ఎమ్.ఆర్.ఐ. యంత్రంతో పట్టుకోవచ్చునని ఎలుకల మీద చూపాడు. 1992కు మనుషుల మెదడులోనే పట్టుకున్నారు. పొర్లి వచ్చిన కొత్త నెత్తురున్న చోటు బొమ్మలో రవ్వంత ఎక్కువ మెరుస్తుంది. ఆ రవ్వంతను కంప్యూటరు లెక్కకట్టి రంగు వేస్తుంది. బొమ్మలో కనపడే ఎరుపూ పసుపూ మెదడులో ఉండవు సుమా! అవి లెక్కకు వేసిన రంగులు.

సరే, మా పిల్లవాడి దగ్గరకు వద్దాం.

యంత్రం సొరంగంలాంటిది. లోపలి అయస్కాంతశక్తి భూమి అయస్కాంతశక్తికి 60,000 రెట్లకు పైన ఉంటుందని చెప్పారు. అందుకని చేతి కడియం, మొలతాడు, మెళ్ళో బిళ్ళ అన్నీ తీయించారు. కడియం తీయటానికి వాడు కొంచెం మొండికేశాడు. యంత్రం పనిచేసేటప్పుడు దడదడమని ఒకటే మోత. "దండారి డప్పులు అనుకో" అన్నాను నేను. తల వెంట్రుకవాసి కదిలినా బొమ్మ పాడవుతుంది.

చేయవలసిన పని ఏమిటంటే, లోపల కనిపించే బొమ్మలను చూసి వాటి పేర్లూ, అవి చేసే పనులూ మనసులోనే అనుకోవాలి. అర నిమిషం అనుకోవటం, అర నిమిషం ఊరుకోవటం. నెత్తురు పొర్లి రావటానికి 5, 6 సెకన్లు పడుతుంది గనుక ఆ లెక్క కూడా చూసుకుంటారు. అనుకున్నప్పుడు ఎక్కువ మెరిసి, ఊరుకున్నప్పుడు తగ్గే చోటే మాటలుండే చోటు.

ముందురోజు వైద్యురాలు ఆ బొమ్మలు నాకు చూపింది. నేను చూసి నవ్వాను. ఓడ, పియానో, హిమంతో కట్టిన ఇల్లు! "ఏమండీ, నవ్వుతున్నారు?" అన్నది.

"అమ్మా, మావాడు ఓడ ఎన్నడూ చూడలేదు. పియానో నేనే చూడలేదు. వాటిని చూపితే వాడు పేరు అనుకోడు, ఇదేమిటబ్బా అనుకుంటాడు" అన్నాను.

ఆమె కుర్చీ దగ్గరకు లాక్కున్నది. "ఐతే వాడు ఇంట్లో ఏ భాష మాట్లాడతాడు?"

"గోండి."

"కలలో ఎవరైనా మాట్లాడితే?"

వాణ్ణే అడిగాం. "గోండినే, సార్. పంతుళ్ళు వస్తే తెలుగు" అన్నాడు. నా పక్కనున్న నర్సమ్మ ఫక్కున నవ్వింది.

ఆ సాయంత్రం మేము కూర్చుని కొత్త జాబితా రాశాం. నాగలి, ఎద్దుబండి, కోడిపుంజు, నెమలి, ఇప్పపువ్వు, విల్లు, తిరగలి. ఇటువంటి పనిలో నేను కొత్తవాణ్ణి కాదు. గోండు పిల్లలకు వాళ్ళ మాటలతోనే చదువు మొదలుపెట్టాలని 1943లోనే మా దగ్గరి మార్లవాయిలో పంతుళ్ళకు శిక్షణ ఇచ్చారు. హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు దానికి పూనుకున్నాడు. గోండి వాచకాలు నాగరిలిపిలో అచ్చువేశారు. ఆ బళ్ళ సంగతి మాకు పెద్దలు కథలుగా చెప్పేవాళ్ళు.

జాబితా అయినాక ఒక చిక్కు వచ్చింది. 'క'తో మొదలయ్యే మాటలు అనుకోమని ఇంకొక పరీక్ష ఉన్నది. వాడికి గోండిలో అక్షరాలు రావు, వాడు ఆ భాష ఎన్నడూ రాయలేదు. అక్షరాలతో పరిచయమంతా తెలుగులోనే. కాబట్టి ఆ పరీక్ష తెలుగులో పెట్టారు, బొమ్మల పరీక్ష గోండిలో పెట్టారు. మూడవది కథ వినటం. తండ్రి సెల్‌ఫోనులో వాడి నాయనమ్మ చెప్పిన నక్క కథ ఉన్నది. దాన్ని కొంతసేపు వినిపిస్తారు, కొంతసేపు అదే గొంతును వెనకనుంచి ముందుకు తిప్పి వినిపిస్తారు. గొంతు అదే, చప్పుడు అదే, అర్థం మాత్రం ఉండదు. రెంటికీ ఉన్న తేడా అర్థం తెలిసేచోటు చూపుతుంది. ఎంత చక్కని ఉపాయం! వెనక్కు తిరిగిన నాయనమ్మ గొంతు విని వాడికి నవ్వు వచ్చి తల కదిలింది. ఒకసారి మళ్ళీ తీయవలసి వచ్చింది.

రెండు రోజులకు వైద్యురాలు మమ్మల్ని పిలిచి బొమ్మ చూపింది. రంగులన్నీ చాలావరకు ఎడమవైపే. మాటలు వలసపోలేదు. తెలుగు రంగూ గోండి రంగూ అనేక చోట్ల ఒకదానిమీద ఒకటి పడ్డాయి. వేరువేరు గదులు కావన్నమాట, ఒకే వసారాలో కూర్చున్న అన్నదమ్ములు. అక్కడక్కడ మాత్రం ఒక భాష అంచు రెండవదాన్ని దాటి ఉన్నది. కణత వెనకభాగంలో గోండి కథ విన్నప్పుడు వచ్చిన మచ్చ ఒకటి, తెలుగు పరీక్షలో రానిది, కాస్త ముందుకు జరిగి ఉన్నది. శస్త్రవైద్యుడు దానికి ఇవతల వేలు పెట్టి, "ఇక్కడిదాకా వస్తాను. ఇది దాటను" అన్నాడు. తెలుగు ఒక్కదానితోనే పరీక్ష చేసి ఉంటే ఆ చోటు రంగు లేకుండానే ఉండేది.

ఈ యంత్రం అన్నీ చెప్పదని కూడా ఆమె దాచలేదు. రంగు పడిన ప్రతిచోటూ లేకపోతే గడవని చోటు కాదు. సంతకు వచ్చిన వాళ్ళందరూ సరుకు అమ్మేవాళ్ళు కానట్టే. రంగు పడని చోటు అక్కరలేనిదనీ రూఢిగా చెప్పలేం. అందువల్ల అవసరమైతే ఈనాటికీ పెన్‌ఫీల్డ్ మాదిరిగా తీగతో తాకి చూస్తారు. మాట ఏ వైపున ఉన్నదో తెలుసుకోవటానికి, ఇటువంటి రోగులలో వాడా పరీక్షకు బదులు దీన్ని వాడవచ్చునని అమెరికా నరాలవైద్యుల సంఘం 2017లో చెప్పింది. జ్ఞాపకశక్తి సంగతి ఇంకా చిక్కు. "వాడి మాట పోదు. కాని పేర్లు గుర్తుకు రావటం నెమ్మదించవచ్చు. ముందే చెబుతున్నాను" అన్నదామె తండ్రితో. నేను గోండిలో రెండుసార్లు చెప్పాను. అతను రెండుసార్లూ తల ఊపి, "పోరణ్ణి అడుగు" అన్నాడు.

పోరడు, "చెట్టెక్కొచ్చా సార్ తరువాత?" అని అడిగాడు.

ఆ ఏడే ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థవారు ఒక పరిశోధన ప్రకటించారు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న 116 మంది పిల్లలను రెండు జట్లు చేశారు. 57 మందికి శస్త్రచికిత్స, 59 మందికి మందులే. ఏడాది తరువాత చూస్తే, శస్త్రచికిత్స జట్టులో నూటికి 77 మందికి మూర్ఛ రాలేదు. మందుల జట్టులో నూటికి 7 మందికే. కాని శస్త్రచికిత్స జరిగినవారిలో 19 మందికి పెద్ద ఇబ్బందులు కూడా వచ్చాయి, ఎక్కువమందికి ఒకవైపు కాలూ చేయీ బలహీనపడటం. ఇందులో రెండో ముక్క దాచి మొదటి ముక్క ఒక్కటే చెప్పేవాళ్ళను నమ్మకండి.

శస్త్రచికిత్సకు దాదాపు పగలంతా పట్టింది. మేము వరండాలో కూర్చున్నాం. తండ్రి ఏమీ తినలేదు. మర్నాడు లోపలికి పోనిచ్చారు. తలకు కట్టు, కళ్ళు సగం మూత. పేరు పెట్టి పిలిస్తే కళ్ళు తెరిచాడు గాని పలకలేదు. నాకు గుండె ఆగినంత పనైంది. పెదవులు కదిపాడు, ఆ ఏడవ తరగతి గదిలో కదిపినట్టే. నేను ఒంగి చెవి దగ్గరపెట్టాను.

"ఏర్" అన్నాడు.

తండ్రి నీళ్ళకోసం పరుగెత్తబోయాడు. నర్సమ్మ ఆపి, చెంచాతో పెదవులు తడిపింది.

నేను 2018లో ఉద్యోగవిరమణ చేశాను. తరువాత ఒక సంగతి విన్నాను, అదీ హైదరాబాదుదే. పంజగుట్టలోని నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి అనే వైద్యురాలూ ఆమె తోటివారూ 648 మంది మతిమరుపు జబ్బు రోగుల వివరాలు చూసి 2013లో ప్రకటించారట. ఒక భాష మాత్రమే తెలిసినవారికన్నా రెండు భాషలు మాట్లాడేవారికి ఆ జబ్బు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. ఉట్నూరు సంతలో మిరపకాయలు అమ్మే అవ్వ నాకు గుర్తుకు వచ్చింది.

మొన్న వేసవిలో ఉట్నూరు పోయినప్పుడు మా వాణ్ణి చూశాను. ఇప్పుడు ఇరవయ్యయిదేళ్ళ మనిషి. బస్టాండు దగ్గర సెల్‌ఫోనులు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. శస్త్రచికిత్స అయిన మొదటి ఏడు రెండుసార్లు వచ్చిందట, తరువాత లేదు. మాత్రలు ఇంకా వేసుకుంటున్నాడు, కాని ఒక రకమే. నిరుడు దండారికి ఊరూరా తిరిగాడట. చెట్లెక్కటం మాట ఎత్తితే నవ్వి, "ఇప్పుడెవరెక్కుతారు సార్" అన్నాడు.

మాట్లాడుతూ ఉండగా ఒక గోండు అవ్వ వచ్చి కొట్టు ముందు నిలబడింది. వాడు ఆమెతో గోండిలో మాట్లాడి ఫోను తీసుకున్నాడు. లోపలినుంచి సాయిబు ఏదో అడిగితే ఉర్దూలో జవాబిచ్చాడు. నావైపు తిరిగి, "సార్, మా అమ్మ మిమ్మల్ని ఇంటికి తీసుకురమ్మన్నది. జొన్నరొట్టె చేస్తదట. పొద్దున్నే పిండి పట్టించి... అది... దాంతో..." అని ఆగిపోయాడు. చేత్తో గుండ్రంగా తిప్పి చూపించాడు. "పిండి పోసి ఊపుతారు చూడండి, సార్."

"జల్లెడ" అన్నాను.

"ఆఁ, జల్లెడ. తెలుగుది అప్పుడప్పుడు జారిపోతది" అన్నాడు. అని గోండిలో దాని పేరు టక్కున చెప్పి, అవ్వను సరిగానే అన్నానా అని అడిగాడు. అవ్వ తల ఊపి, ముందు నా ఫోను సంగతి చూడమన్నది.